ఎత్తైన పర్వతాల ఆరోహణలో ప్రమాదాలు

సముద్ర మట్టానికి 8,000 మీటర్లు దాటిన శిఖరాలు భూమి మీద 14 ఉన్నాయి. అన్నీ హిమాలయ, కారకోరం శ్రేణుల్లోనే ఉన్నాయి. నేపాల్, చైనా 2020లో ఉమ్మడిగా ప్రకటించిన కొలత ప్రకారం ఎవరెస్ట్ ఎత్తు 8,848.86 మీటర్లు. కే2 8,611 మీటర్లు, కాంచనగంగ 8,586 మీటర్లు. ఈ పద్నాలుగింటిలో మనిషి మొదట ఎక్కింది అన్నపూర్ణను. 1950 జూన్ 3న ఫ్రెంచి ఆరోహకులు మోరిస్ ఎర్జోగ్, లూయీ లాషెనాల్ ఆ శిఖరం చేరారు. ప్రాణాలతో దిగి వచ్చారు గాని, మంచుకాటు వల్ల ఇద్దరూ కాలివేళ్లు పోగొట్టుకున్నారు. ఎర్జోగ్ చేతివేళ్లు కూడా పోయాయి. ఎనిమిది వేల మీటర్ల మీద మనిషి సాధించిన తొలి విజయానికే ఇంత ధర పడింది.

ఈ ప్రమాదాలను మూడు తెగలుగా చూడవచ్చు. పలచని గాలి వల్ల ఒంటికి కలిగేవి మొదటివి. మంచు చరియలు, పగుళ్లు, తుపానులు, చలి వంటి కొండ తెచ్చేవి రెండోవి. ఆలస్యం, తొందర, పట్టుదల, గుంపు వంటి మనిషి కొనితెచ్చుకునేవి మూడోవి. ఇవి విడివిడిగా రావడం అరుదు. ఎత్తు ముందుగా ఆలోచనను మందగింపజేస్తుంది. ఆ మందబుద్ధితో తీసుకున్న నిర్ణయం మనిషిని చలికీ గాలికీ అప్పగిస్తుంది. కాబట్టి ప్రాణాలు కాపాడే నిర్ణయాలు చాలావరకు కొండ కింద ఉన్నప్పుడే జరిగిపోవాలి. వందేళ్ల ఆరోహణ చరిత్ర నేర్పిన ముఖ్యమైన పాఠం ఇదే.

పలచని గాలి

ఎంత ఎత్తుకు పోయినా గాలిలో ఆక్సిజన్ పాలు నూటికి 21 వంతులే. తగ్గేది గాలి పీడనం. సముద్ర మట్టం దగ్గర అది 760 మిల్లీమీటర్ల పాదరసం. సుమారు 5,500 మీటర్ల దగ్గర అందులో సగమే ఉంటుంది. 1981లో అమెరికా వైద్య పరిశోధకుల బృందం ఎవరెస్ట్ శిఖరం మీదే పీడనాన్ని కొలిస్తే సుమారు 253 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే శిఖరం మీద తీసుకునే ప్రతి శ్వాసలోనూ కింద దొరికే ఆక్సిజన్‌లో మూడో వంతే అందుతుంది.

ఒళ్లు ఈ లోటును భర్తీ చేసుకోవడానికి ప్రయత్నిస్తుంది. శ్వాస వేగం పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, కొన్ని వారాల్లో రక్తంలో ఎర్రకణాలు పెరుగుతాయి. దీన్నే ఎత్తుకు అలవాటుపడటం అంటారు. దీనికీ ఒక హద్దుంది. 1952 స్విస్ ఎవరెస్ట్ యాత్రకు నాయకత్వం వహించిన వైద్యుడు ఎడ్వార్డ్ విస్-డ్యునాంట్, దాదాపు 8,000 మీటర్లకు పైనున్న భాగాన్ని మృత్యుమండలంగా వర్ణించాడు. అక్కడ ఒళ్లు ఎన్ని రోజులున్నా అలవాటుపడదు. ఆకలి చస్తుంది, నిద్ర పట్టదు, కండ కరుగుతుంది, చిన్న గాయం కూడా మానదు. అక్కడ గడిపే ప్రతి గంటా బలాన్ని లాగేస్తూనే ఉంటుంది.

2007లో బ్రిటిష్ వైద్యుల బృందం ఎవరెస్ట్ మీద సుమారు 8,400 మీటర్ల దగ్గర ఆరోహకుల ధమనుల నుంచి రక్తం తీసి పరీక్షించింది. అందులో ఆక్సిజన్ పీడనం సగటున 24.6 మిల్లీమీటర్లుగా తేలింది. మైదానంలో ఆరోగ్యవంతుడికి అది 90కి అటూ ఇటూగా ఉంటుంది. ఆస్పత్రిలో ఎవరికైనా ఇంత తక్కువ అంకె కనిపిస్తే ప్రాణాపాయంగా లెక్కిస్తారు. ఆ స్థితిలోనే ఆరోహకుడు తాళ్లు కట్టుకోవాలి, ఆక్సిజన్ సిలిండర్ మార్చుకోవాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలో తేల్చుకోవాలి.

1978 మేలో రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హాబెలర్ సిలిండర్ లేకుండా ఎవరెస్ట్ ఎక్కి, అది మనిషికి సాధ్యమేనని చూపారు. అది సాధ్యపడేది బహుకొద్దిమందికే. ఇవాళ ఎవరెస్ట్ ఎక్కేవారిలో అత్యధికులు సిలిండర్ ఆక్సిజన్ మీదే ఆధారపడతారు. ఆ ఆధారానికీ ఒక ముప్పుంది. వరుసలో నిలబడాల్సివచ్చినా, తుపాను ఆపేసినా, సిలిండర్ ఖాళీ అయిన క్షణంలో ఒళ్లు ఒక్కసారిగా అసలు ఎత్తును ఎదుర్కోవాల్సి వస్తుంది.

ఎత్తు జబ్బులు

సాధారణంగా 2,500 మీటర్లు దాటాక వచ్చే జబ్బులు మూడు. మొదటిది తలనొప్పి, వికారం, నిస్సత్తువ, నిద్రలేమితో మొదలయ్యే పర్వత అస్వస్థత. అక్కడే ఆగి విశ్రాంతి తీసుకుంటే ఇది చాలామందికి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. లక్షణాలను దాచిపెట్టి పైకి పోతే మిగతా రెంటికి దారి తీయవచ్చు.

రెండోది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. మొదట నడకలో వెనకబడతారు. తరువాత కూర్చున్నా ఆయాసం తగ్గదు. దగ్గులో నురుగు, ఒక్కోసారి రక్తపు చార కనిపిస్తుంది. మూడోది మెదడు వాపు. మాట తడబడుతుంది, అడుగులు తూలిపోతాయి, తనకేమీ కాలేదని రోగి వాదిస్తాడు. మడమకు బొటనవేలు ఆనిస్తూ తిన్నగా నడవమంటే నడవలేకపోవడం దీన్ని పట్టుకునే సులువైన పరీక్ష. ఈ రెండూ గంటల్లోనే ప్రాణం తీయగలవు. రెంటికీ అసలు మందు కిందికి దించడమే. ఆక్సిజన్, డెక్సామెథసోన్, నిఫెడిపిన్ వంటి మందులు, గాలి నింపి లోపల పీడనం పెంచే సంచులు రోగిని దించేదాకా సమయం సంపాదించి పెడతాయి.

ఈ జబ్బులను అర్థం చేసుకోవడంలో భారత సైనిక వైద్యుల పాత్ర పెద్దది. 1962 చైనా యుద్ధ సమయంలో వేలమంది సైనికులను మైదానాల నుంచి నేరుగా హిమాలయ స్థావరాలకు చేర్చాల్సివచ్చింది. శత్రువు ఎదురుపడకముందే ఎంతోమంది జబ్బు పడ్డారు. ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికులలో ఈ అస్వస్థతను పరిశీలించి 1969లో ప్రచురించిన వ్యాసం ప్రపంచమంతటా ఈ రంగానికి ఆధారగ్రంథం వంటిదైంది. బలశాలి, యువకుడు, క్రీడాకారుడు అన్న తేడా ఈ జబ్బులకు లేదు. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పలేం. ఎంత వేగంగా ఎక్కారన్నదే ముఖ్యం. అందుకే 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలని వైద్యులు చెబుతారు.

మంచు, గాలి, చలి

ఎవరెస్ట్‌కు నేపాల్ వైపు నుంచి పోయేవారు బేస్ క్యాంప్ దాటగానే ఖుంబూ ఐస్‌ఫాల్‌లోకి అడుగుపెడతారు. ఇది ఏటవాలు మీద ముక్కలుగా విరిగి జారుతున్న హిమానీనదం. రోజుకు దాదాపు ఒక మీటరు చొప్పున కదులుతుంది. నిన్న నిచ్చెన వేసిన చోట నేడు పగులు వెడల్పు కావచ్చు, ఇల్లంత మంచుగడ్డ కూలవచ్చు. ఎండ తగలకముందే దాటాలని ఆరోహకులు అర్ధరాత్రి దాటాక బయలుదేరేది ఇందుకే. 2014 ఏప్రిల్ 18 ఉదయం ఎవరెస్ట్ పడమటి భుజం మీది నుంచి విరిగిపడిన మంచు 16 మంది నేపాలీ కార్మికుల ప్రాణాలు తీసింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 25న నేపాల్‌ను కుదిపేసిన 7.8 తీవ్రత భూకంపానికి పక్కనున్న పుమోరి శిఖరం వైపు నుంచి మంచు, రాళ్లు కూలి బేస్ క్యాంప్‌ను ముంచెత్తాయి. అప్పటిదాకా సురక్షితమని అందరూ నమ్మిన చోటే పదిహేను మందికి పైగా చనిపోయారు.

మంచు చరియలు నేర్పరినీ కొత్తవాణ్నీ వేరుగా చూడవు. 1937లో నంగా పర్బత్ మీద ఒకే చరియ కింద 16 మంది సమాధి అయ్యారు. 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా-2 శిఖరం దగ్గర, ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం చరియలో చిక్కుకుంది. 27 మృతదేహాలు దొరికాయి, ఇద్దరి ఆచూకీ తెలియలేదు. మృతుల్లో ఆ సంస్థ శిక్షకురాలు సవితా కన్స్వాల్ ఒకరు. అదే ఏడాది మే నెలలో ఆమె 16 రోజుల వ్యవధిలో ఎవరెస్ట్, మకాలు రెండూ ఎక్కింది.

ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది. మే నెలలో కూడా ఎవరెస్ట్ శిఖరం మీద సున్నాకు ఇరవై డిగ్రీలకు పైగా కిందే ఉంటుంది. ఏడాదిలో ఎక్కువ భాగం అతివేగమైన పై గాలుల ప్రవాహం శిఖరాన్ని కొడుతూనే ఉంటుంది. రుతుపవనాలకు ముందు మే నెలలో కొద్ది రోజులు మాత్రం అది ఉత్తరానికి జరుగుతుంది. ఆరోహకులంతా ఆ కొద్ది రోజుల కోసమే కాచుకుంటారు. చలికి రక్తం ముందుగా గుండెకూ మెదడుకూ పోతుంది. వేళ్లు, ముక్కు, చెవులకు తగ్గుతుంది. ఆక్సిజన్ లోటు, నీరు తాగకపోవడం తోడైతే మంచుకాటు త్వరగా వస్తుంది. మంచు మీద పడి తిరిగొచ్చే అతినీలలోహిత కిరణాలు కొద్ది గంటల్లోనే కళ్లను పనిచేయకుండా చేయగలవు. ఒక నిమిషం చేతి తొడుగు తీయడం, కళ్లజోడు పారేసుకోవడం వంటి చిన్న పొరపాట్లు అక్కడ పెద్ద విపత్తులవుతాయి.

శిఖరం సగం దారి

ఎవరెస్ట్ మీద 1921 నుంచి 2006 వరకు జరిగిన మరణాలను విశ్లేషించి 2008లో ప్రచురించిన వైద్య పరిశోధన, బేస్ క్యాంప్ దాటినవారిలో నూటికి 1.3 మంది మరణించారని చెప్పింది. ఎంతో ఎత్తున చనిపోయిన ఆరోహకుల్లో ఎక్కువమంది శిఖరం చేరి దిగుతున్నవారు, లేదా ప్రయత్నం మాని తిరిగొస్తున్నవారు. వారిలో చాలామందికి విపరీతమైన అలసట, తికమక, అడుగులు తడబడటం వంటి మెదడుకు సంబంధించిన లక్షణాలు కనిపించాయి.

శిఖరాల ప్రమాద స్థాయిని పోల్చడానికి విజయాలకూ మరణాలకూ ఉన్న నిష్పత్తిని వాడుతుంటారు. 2000 దశకం చివరి వరకు ఉన్న లెక్కల్లో అన్నపూర్ణ మీద ప్రతి మూడు విజయాలకు దాదాపు ఒక మరణం, కే2 మీద ప్రతి నాలుగింటికి దాదాపు ఒకటి ఉండేవి. మధ్యలో వెనుదిరిగినవారు ఈ లెక్కలోకి రారు కాబట్టి దీన్ని నేరుగా చావు అవకాశంగా చదవకూడదు. అలా వెనుదిరిగినవారే ఆ కొండల మీద బతికి బయటపడినవారిలో పెద్ద సంఖ్య.

1996 మే 10, 11 తేదీల్లో ఎవరెస్ట్ రెండు వైపులా కలిపి తుపానులో ఎనిమిది మంది చనిపోయారు. దక్షిణం వైపు రెండు వాణిజ్య బృందాలు మధ్యాహ్నం దాకా శిఖరం చేరకపోతే తిరిగిపోవాలన్న గడువును దాటాయి. బృంద నాయకులు రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. అదే సమయంలో ఉత్తరం వైపు నుంచి ఎక్కిన ఇండో-టిబెటన్ బోర్డర్ పోలీస్ జవాన్లు ముగ్గురు, త్సేవాంగ్ సమన్లా, దోర్జే మోరుప్, త్సేవాంగ్ పాల్జోర్, సాయంత్రం దాకా పైకే సాగి తిరిగి రాలేదు.

ఇంటి దగ్గర ఎవరిని అడిగినా చీకటి పడకముందే తిరిగిరావాలనే చెబుతారు. ఏళ్ల కష్టం, లక్షల రూపాయల ఖర్చు, ఊరివారి ఎదురుచూపులు వెనక ఉండి, శిఖరం కళ్లముందు రెండు వందల మీటర్ల దూరంలో కనిపిస్తుంటే, ఆక్సిజన్ అందని మెదడుకు ఆ మాట గుర్తుండదు. గడువును పైకి పోయాక కాక, బయలుదేరే ముందే ఖాయం చేసి, దాన్ని అమలుచేసే అధికారం ఇంకొకరి చేతికివ్వడం ఇందువల్లే అవసరం.

గుంపు కూడా ప్రమాదమే. 2008 ఆగస్టు 1న కే2 మీద బాటిల్‌నెక్ అనే ఇరుకు దారిలో ఆలస్యం జరిగింది. పైనుంచి మంచుగడ్డలు విరిగిపడి, కట్టిన తాళ్లను తెంచేశాయి. ఆ ప్రమాదాల పరంపరలో 11 మంది మరణించారు. 2019 మే 22న ఎవరెస్ట్ శిఖరం కింద ఇరుకు గట్టు మీద వందలమంది వరుసకట్టి నిలబడిన ఫోటో ప్రపంచమంతా చూసింది.

తెలుగువారి అనుభవం

ఎవరెస్ట్ మీద తెలుగువారి చరిత్ర ఒక మరణంతో ముడిపడి ఉంది. 1985లో భారత సైన్యం ఎవరెస్ట్‌కు పంపిన బృందంలో లెఫ్టినెంట్ ఎం.యు. భాస్కరరావు ఒకరు. ఆయన విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక పాఠశాల పూర్వ విద్యార్థి. ఆ అక్టోబర్‌లో బృందంలోని మేజర్ కిరణ్ కుమార్ కింద పడి చనిపోయారు. తరువాత సౌత్ కోల్ అనే కనుమ దగ్గర, సుమారు 7,900 మీటర్ల ఎత్తున, తుపానులో చిక్కుకుని భాస్కరరావు, మేజర్ జై బహుగుణ, మేజర్ రంజిత్ సింగ్ బక్షీ, కెప్టెన్ వి.పి.ఎస్. నేగీ మరణించారు. జై బహుగుణ అన్న హర్ష్ బహుగుణ 1971లో అదే కొండ మీద ప్రాణం విడిచారు. తెరిపి వస్తుందన్న ఆశతో అంత ఎత్తున కాచుకుని ఉండటం ఎంత ప్రమాదమో ఈ సంఘటన చూపుతుంది.

కోరుకొండ పాఠశాలలో భాస్కరరావు స్మృతిచిహ్నం చూసి కొండల వైపు మళ్లిన విద్యార్థి మల్లి మస్తాన్ బాబు. నెల్లూరు జిల్లా సంగం దగ్గరి గాంధీజనసంఘంలో 1974 సెప్టెంబర్ 3న పుట్టాడు. జంషెడ్‌పూర్‌లో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో పైచదువు, కలకత్తా ఐఐఎంలో మేనేజ్‌మెంట్ చదివాడు. 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరంతో మొదలుపెట్టి జులై 10న అలాస్కాలోని దెనాలితో ముగించి, ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. అది అప్పటికి ప్రపంచ రికార్డు. అందులో భాగంగా ఎవరెస్ట్ ఎక్కింది మే 21న.

తొమ్మిదేళ్ల తరువాత, 2015 మార్చిలో, చిలీ-అర్జెంటీనా సరిహద్దులోని సెర్రో ట్రెస్ క్రూసెస్ శిఖరానికి ఒంటరిగా బయలుదేరాడు. ఆండీస్ శ్రేణిలోని ఈ శిఖరం ఎత్తు 6,748 మీటర్లు. మార్చి 24 తరువాత అతని నుంచి కబురు లేదు. వాతావరణం చెడిపోయింది. రెండు దేశాలవారూ గాలించగా ఏప్రిల్ 3న మృతదేహం కనిపించింది. సొంతూరికి తెచ్చి ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపారు. ఎవరెస్ట్ కంటే రెండు వేల మీటర్లు తక్కువైన కొండ మీద, ప్రపంచంలోని ఎత్తైన శిఖరాలెన్నో చూసిన మనిషి చనిపోయాడు. అనుభవం ప్రమాదాన్ని తగ్గిస్తుంది గాని తుపానును ఆపలేదు. ఒంటరి ఆరోహకుడికి ఏదైనా జరిగితే కబురు చెప్పేవారే ఉండరు. వెతకడం మొదలయ్యేసరికే రోజులు గడిచిపోతాయి.

దీనికి భిన్నమైన దారిలో జరిగిన ఆరోహణ మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్‌లది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ అప్పట్లో సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. గురుకులాల సంస్థకు అప్పట్లో కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనిక మీద, ఆరోహకుడు శేఖర్ బాబు బచినేపల్లి శిక్షణలో ఈ ప్రయత్నం నడిచింది. భువనగిరి ఏకశిల మీద వందమందికి పైగా పిల్లలతో మొదలైన శిక్షణ, డార్జిలింగ్ హిమాలయ పర్వతారోహణ సంస్థలోనూ తరువాత లద్దాఖ్ చలిలోనూ సాగింది. ప్రతి దశలోనూ వడపోసి చివరకు ఇద్దరిని ఎంపిక చేశారు. 2014 మే 25న ఇద్దరూ టిబెట్ వైపు నుంచి శిఖరం చేరారు. అప్పటికి పూర్ణ వయసు 13 సంవత్సరాల 11 నెలలు. ఎవరెస్ట్ ఎక్కిన బాలికల్లో అతి పిన్న వయస్కురాలు ఆమే. 2022లో దెనాలితో ఏడు ఖండాల శిఖరాలనూ పూర్తి చేసింది.

ఈ విజయం వెనక ఉన్న ఎంపికలు గమనించదగినవి. నేపాల్ 16 ఏళ్ల లోపువారికి అనుమతి ఇవ్వదు కాబట్టి ఉత్తరం దారి పట్టారు. ఆ దారిలో ఖుంబూ ఐస్‌ఫాల్ లేదు. దక్షిణాన 16 మంది చనిపోయింది ఆ సీజన్‌లోనే. అయితే ఉత్తరం దారిలో చలిగాలి ఎక్కువ, 8,000 మీటర్లకు పైన గడపాల్సిన సమయమూ ఎక్కువ. దారిలో మృతదేహాలు చూసి కలిగిన భయం గురించి పూర్ణ తరువాత చెప్పింది. ఎదిగే వయసు పిల్లలను మృత్యుమండలానికి పంపడం తగునా అన్న ప్రశ్న ప్రపంచ పర్వతారోహకుల్లో అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. పేద కుటుంబాల పిల్లలకు ఆ శిఖరం తెచ్చిన ఆత్మవిశ్వాసమూ నిజమే. వయో పరిమితులు పెట్టడం ఈ రెంటిలో మొదటిదానికి సమాధానం.

బరువు మోసేవారు

ఎవరెస్ట్ మీద ఇంతవరకు చనిపోయిన 330 మందికి పైగా ఆరోహకులు, కార్మికుల్లో దాదాపు మూడో వంతు షెర్పాలు, ఇతర స్థానిక కార్మికులే. ఇది మొదటినుంచీ ఉన్నదే. 1922 జూన్ 7న బ్రిటిష్ బృందంతో నార్త్ కోల్ అనే కనుమ వైపు వెళ్తూ మంచు చరియలో చనిపోయిన ఏడుగురూ బరువులు మోసిన కూలీలు. ఎవరెస్ట్ మీద ఒకేసారి ఇంతమంది పోవడం అదే మొదలు. ఆ బృందంలోని ఆరోహకుడు జార్జ్ మెలోరీ పేరు తెలిసినంతగా ఆ ఏడుగురి పేర్లు లోకానికి తెలియవు.

ఖర్చు పెట్టుకుని వచ్చిన ఆరోహకుడు ఐస్‌ఫాల్‌ను కొద్దిసార్లే దాటుతాడు. గుడారాలు, తాళ్లు, వంటగ్యాస్, ఆక్సిజన్ మోసే షెర్పా అదే సీజన్‌లో ఎన్నోసార్లు దాటాలి. నిచ్చెనలు వేసి దారి తెరిచేదీ షెర్పాలే. ఆరోహకులు ఎక్కువగా శిఖరానికి దగ్గర్లో అలసటతో చనిపోతే, కార్మికులు ఎక్కువగా కింది భాగాల్లో మంచు కూలి చనిపోవడానికి కారణం ఇదే. టిబెటన్లు, షెర్పాల రక్తం ఎత్తులో అతిగా చిక్కబడకుండా కాపాడే జన్యు మార్పును శాస్త్రవేత్తలు 2010లో గుర్తించారు. ఆ వరం మంచుగడ్డ నుంచి మాత్రం కాపాడదు.

2014 ప్రమాదం తరువాత షెర్పాలు పని ఆపేశారు. నేపాల్ దక్షిణం వైపు ఆ సీజన్ దాదాపు ముగిసిపోయింది. బీమా మొత్తం పెంచాలని, కుటుంబాలను ఆదుకోవాలని పట్టుబట్టి కొంత సాధించారు. శిఖరం మీద జెండాతో నిలబడిన ప్రతి ఫోటో వెనక ఆ జెండాను పైదాకా మోసినవారు ఉన్నారు. ఏ యాత్ర ఎంత భద్రమైనదో వారి జీతం, బీమా, విశ్రాంతి చూస్తే తెలుస్తుంది.

పోదనూరు నుంచి చూస్తే

కొండ ప్రమాదాలు హిమాలయాలకే పరిమితం కావు. తమిళనాడులో కోయంబత్తూరు పక్కనున్న పోదనూరు ఎత్తు సుమారు 400 మీటర్లు. నాయక రాజుల కాలం నుంచి ఈ ప్రాంతంలోనూ మదురై సీమలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కొండలు దూరమేమీ కాదు. ఉత్తరాన నీలగిరులు, పడమట వెళ్ళియంగిరి కొండలు. నీలగిరుల్లో ఎత్తైన దొడ్డబెట్ట 2,637 మీటర్లు. ఎత్తు జబ్బులు మొదలయ్యే హద్దును అది కాస్త దాటుతుంది.

పూండి దగ్గర మొదలయ్యే వెళ్ళియంగిరి యాత్రలో ఏడు కొండలు ఎక్కాలి. ఏడో కొండ ఎత్తు సుమారు 1,800 మీటర్లు. అటవీ శాఖ ఏటా ఫిబ్రవరి నుంచి మే వరకు భక్తులను అనుమతిస్తుంది. ఈ ఎత్తులో గాలి పలచబడటం వల్ల ప్రాణం పోదు. అయినా 2024 యాత్రా కాలంలో పలువురు భక్తులు దారిలో కుప్పకూలి మరణించారు. రోజూ నడక అలవాటు లేనివారు రాత్రంతా నిద్ర మాని నిటారు మెట్లు ఎక్కడం, తగినంత నీరు తాగకపోవడం, బయటపడని గుండెజబ్బు, ఛాతీలో నొప్పి వచ్చినా తోటివారితో సమంగా నడవాలన్న పట్టుదల, ఇవన్నీ కలిస్తే ఏ కొండైనా ప్రమాదమే. గుండెజబ్బు, ఊపిరి ఇబ్బంది, బీపీ, షుగర్ ఉన్నవారు ముందుగా వైద్యుణ్ని సంప్రదించాలి. ఆ మాట వినాల్సింది కొండ కిందనే.

నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంట్ కేంద్రం ఉంది. దక్షిణాది యువకులెందరో అక్కడి నుంచి హిమాలయ సరిహద్దులకు వెళ్తారు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సుమారు 5,900 మీటర్ల ఎత్తున ఉన్న స్థావరం మీద మంచు చరియ పడి ఆ రెజిమెంట్ 19వ బెటాలియన్‌కు చెందిన పదిమంది చిక్కుకున్నారు. వారిలో మదురై, తేని జిల్లాలవారు, కర్నూలు జిల్లావారు ఉన్నారు. ఆరు రోజుల తరువాత మంచు కింద నుంచి ప్రాణాలతో బయటికి తీసిన లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆస్పత్రిలో కన్నుమూశారు. 1984 నుంచి సియాచిన్‌లో భారత సైన్యం కోల్పోయినవారిలో ఎక్కువమంది తూటాలకు కాక చలికి, ఎత్తుకు, మంచుకు బలైనవారే. ఆరోహకుడు ఇష్టపడి వెళ్లే ఎత్తుకు సైనికుడు ఆజ్ఞ మీద వెళ్తాడు. అతనికి వెనక్కి తిరిగే గడువు ఉండదు.

నివారణ, రక్షణ

ప్రమాదాలను పూర్తిగా తొలగించడం ఎవరి వల్లా కాదు. తగ్గించే మార్గాలు మాత్రం స్పష్టంగా తెలుసు. డార్జిలింగ్‌లో 1954లో, ఉత్తరకాశీలో 1965లో స్థాపించిన పర్వతారోహణ సంస్థల్లో ప్రాథమిక శిక్షణ పొందడం మొదటి మెట్టు. ఆ తరువాత ఐదు వేలు, ఆరు వేలు, ఏడు వేల మీటర్ల శిఖరాలను క్రమంగా ఎక్కుతూ తన ఒళ్లు ఎత్తుకు ఎలా స్పందిస్తుందో తెలుసుకోవాలి. నేరుగా ఎవరెస్ట్‌కు అనుమతి కొనుక్కునేవారి వల్ల వారికే కాక వెనక వచ్చేవారికీ షెర్పాలకూ ముప్పు.

వాతావరణ అంచనాలు, ఉపగ్రహ ఫోన్లు, మంచు కింద ఉన్నవారిని కనిపెట్టే పరికరాలు ఇప్పుడు మెరుగయ్యాయి. ఎవరెస్ట్ మీద హెలికాప్టర్లు సాధారణంగా 6,400 మీటర్ల దగ్గరి రెండో క్యాంప్ వరకు వచ్చి రోగులను తీసుకుపోగలవు. అంతకు పైన చిక్కుకున్నవారిని మోసుకురావాల్సింది మళ్లీ మనుషులే. ఒకరిని దించడానికి పలువురు షెర్పాలు గంటల తరబడి తమ ప్రాణాలొడ్డాలి. నేపాల్ 2025 సెప్టెంబర్ నుంచి ఎవరెస్ట్ అనుమతి రుసుమును 11,000 డాలర్ల నుంచి 15,000 డాలర్లకు పెంచింది. రుసుము పెరిగినంత మాత్రాన రద్దీ తగ్గదు. అనుభవం చూసి అనుమతి ఇవ్వడమే అందుకు నిజమైన మార్గం.

కొత్తగా పెరుగుతున్న ముప్పు వాతావరణ మార్పు. హిమానీనదాలు కరిగి పలచబడుతున్నాయి, మంచుతో అతుక్కుని ఉన్న రాళ్లు వదులవుతున్నాయి, పాత దారులు మారిపోతున్నాయి. గత తరం అనుభవం మీద వేసిన అంచనాలను ఈ తరం మళ్లీ సరిచూసుకోవాలి.

భాస్కరరావు కథ విని మస్తాన్ బాబు కొండలెక్కాడు. పూర్ణ, ఆనంద్ తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గురుకులాల నుంచి మరెందరో పిల్లలు తాళ్లు పట్టుకున్నారు. వారికి శిఖరాల పేర్లతో పాటు వెనుదిరిగి బతికినవారి కథలూ చెప్పాలి. పాఠశాలలు, ప్రభుత్వాలు, పత్రికలు శిఖరం చేరినవారికి ఇచ్చే గౌరవాన్ని, వాతావరణం బాగాలేదని రెండు వందల మీటర్ల కింద ఆగి తన బృందాన్ని క్షేమంగా దించినవారికీ ఇవ్వాలి. ఆ గౌరవం ఇంటి దగ్గర దొరుకుతుందని తెలిస్తే, పైన గాలి అందని మనిషికి వెనక్కి అడుగు వేయడం తేలికవుతుంది.